మూడో మంచం ఊఁ కొట్టింది

గోరువెచ్చగానే ఉన్నాయి కదా అని నీళ్ళు మోచేత్తో ఇంకోసారి చూసుకున్నాను, పోయినవాళ్ళకి చన్నీళ్ళైతేనేం వేన్నీళ్ళైతేనేం పెద్దమ్మా అంటుంది హెడ్ సిస్టర్, నిజమే, కానీ నా చెయ్యి ఒప్పుకోదు, మూడో మంచం మీద ఈ టైలరమ్మ నిన్నటిదాకా నా జాకెట్టు చూసి ఎవరు కుట్టారమ్మా నీకిది, గోనెసంచులు కుట్టేవాడా అని నవ్వించింది, ఇవాళ పదకొండింటికి పోయింది, అయినవాళ్ళు వచ్చేలోపు ఒళ్ళు తుడిచి, తల దువ్వి, దుప్పటి కప్పాలి, ముప్పై ఏళ్ళుగా ఆయాగా ఇదే నా పద్ధతి, ముందు చెప్పడం, తర్వాత చేయడం, చెయ్యెత్తుతున్నా తల్లీ, మెడ తుడుస్తున్నా తల్లీ, బతికున్నవాళ్ళకి ఎలాగో వీళ్ళకీ అలాగే, అదే తప్పైపోయింది, మీ ఆయా శవంతో మాట్లాడుతోంది, మాకు భయమేసింది అని మొన్నెవరో ఫిర్యాదు చేశారట, రేపటి నుంచి బట్టల గదిలో కూర్చో పెద్దమ్మా, దుప్పట్లు మడతపెట్టుకో, నీ మోకాళ్ళకీ సుఖం, సరేనో కాదో రెండింటికల్లా చెప్పు అంది హెడ్ సిస్టర్, సరే అనే అనుకున్నాను, దుప్పట్లు మనల్ని వదిలి ఎక్కడికీ పోవు కదా, ఇటు తిరుగు తల్లీ, వీపు తుడుస్తా అని టైలరమ్మ భుజం పట్టి తిప్పాను, ఊఁ అంది.

ఊఁ అంది, గుడ్డ చేతిలోంచి జారి బేసిన్‌లో పడింది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, కిటికీలోంచి ఎండ ఆమె చెవి మీద పడుతోంది, గులాబీ రంగులో వెలుగుతోంది చెవి, వింటున్న చెవిలా, కానీ ఆ గొంతు టైలరమ్మది కాదు, ఆవిడది బొంగురు గొంతు, ఇది సన్నది, నిద్రలోకి జారుతూ ముక్కుతో అన్నది, నాకు తెలిసిన ఊఁ, మా చెల్లిది, యాభై ఎనిమిదేళ్ళ కిందటిది, జ్వరంతో చాప మీద పడుకుని అక్కా కథ చెప్పవే అంటే, గొంతు పోగొట్టుకున్న గాడిద కథ అప్పటికప్పుడు అల్లాను, గాడిద ఇల్లిల్లూ తిరిగింది, ఊఁ, నా గొంతు చూశారా అని తోకతో సైగ చేసింది, ఊఁ, చివరికి బావిలోకి తొంగిచూసింది, ఇక ఊఁ రాలేదు, నిద్రపోయిందనుకున్నాను, హమ్మయ్య అనుకున్నాను, ఆ హమ్మయ్యే నన్ను ఇన్నేళ్ళూ నమిలింది, లేచి ఆటకి పరుగెత్తాను, తిరిగొచ్చేసరికి చెల్లి పోయింది, అమ్మ గోడకి తల ఆనించి కూర్చుంది, నేను లేచినప్పుడు చెల్లి ఇంకా వింటోందేమో, ఊఁ అనే ఓపిక లేక వింటోందేమో, మంచాలకి తగిలించిన చార్టులు కూడబలుక్కునే చదువు నేర్చుకున్నాను, గుండె ఎన్నింటికి ఆగిందో రాస్తారు, చెవి ఎన్నింటికి ఆగిందో ఏ చార్టులోనూ రాయరు.

ఏంటి పెద్దమ్మా గోడకి బల్లిలా అతుక్కుపోయావ్ అంటూ హెడ్ సిస్టర్ వచ్చింది, ఊఁ కొట్టింది సిస్టరమ్మా, ఎవరు, ఈవిడే, హెడ్ సిస్టర్ నవ్వలేదు, ఛాతీలో మిగిలిన గాలి పెద్దమ్మా, తిప్పితే బయటికొస్తుంది, నీకు తెలీదా, తెలుసు, గురకలా విన్నాను, నిట్టూర్పులా విన్నాను, పిలిచినదానికి పలికినట్టు ఎప్పుడూ వినలేదు, పోనీలే, మిగతాది నేను చూసుకుంటా, బట్టల గది తాళంచెవి బల్ల మీదుంది, వెళ్ళు అంది, తీసుకున్నాను, చల్లగా ఉంది, గుమ్మం దాకా నడిచాను, అక్కడ కాళ్ళు ఆగిపోయాయి, వీపు సగమే తుడిచాను, ఆనాడు చెల్లి కథలోనూ బావి దగ్గర సగంలోనే లేచాను, ఇప్పుడు ఈ గుమ్మం దాటితే మళ్ళీ ఆ ఆటకి పరుగెత్తినట్టే.

వెనక్కొచ్చి తాళంచెవి హెడ్ సిస్టర్ చేతిలో పెట్టాను, మరి రెండింటికి ఏం చెప్తావ్, ఇప్పుడే చెప్తున్నా, కాదు, నేను వెళ్ళను, మళ్ళీ ఫిర్యాదొస్తే అంది, రానీ అన్నాను, నీళ్ళు చల్లారిపోయాయి, కాస్త వేడివి పోయించు సిస్టరమ్మా, ఆవిడ నన్ను అదోలా చూసి జగ్గు తీసుకుని వెళ్ళింది, టైలరమ్మ చెవి దగ్గరికి వంగాను, గాడిద బావిలోకి తొంగిచూసింది కదా తల్లీ, అడుగున చీకట్లో ఏదో కదిలింది, ఆగాను, అలవాటు, ఊఁ రాలేదు, గాలి అయిపోయిందేమో, గాలే అయ్యుండొచ్చు, ఎండ చెవి మీంచి దిండు మీదికి జరిగింది, రాకపోతే పోనీ, ఊఁ కొట్టినంతసేపూ ఎవరైనా చెప్తారు, ఆగిపోయాక చెప్పేదే నా పని.