ఎవరూ వాడని తలుపు

థర్లో క్రౌలీ ఇంటి వీధి తలుపు ఒకప్పుడు ఐస్‌క్రీం కొట్టులో నిలువు ఫ్రీజర్‌కి ఉండేది. కొట్టు మూతపడ్డాక ఆ ఫ్రీజర్‌ని ఊరి చెత్తదిబ్బ దగ్గర పడేశారు. థర్లో దాని తలుపు ఊడదీసుకొచ్చి, కింద జానెడు చెక్క అతికించి, ఇంటికి బిగించాడు. గాలి చొరబడదు. తీసినప్పుడల్లా రబ్బరు అంచు ముద్దు పెట్టినట్టు ప్చ్ అంటుంది. ఇంతవరకూ నాకేం పేచీ లేదు. కానీ ఫ్రీజర్‌తో పాటు దాని దీపం మీట కూడా వచ్చింది. అది వృథా పోకూడదు కదా! దాన్ని వంటింటి దీపానికి కలిపాడు. తలుపు తీస్తే దీపం వెలుగుతుంది. మూస్తే ఆరిపోతుంది.

జనవరిలో మా తూర్పు తీరాన సముద్రపు గాలి చెవులు కోసేస్తుంటే, అతని భార్య ఏవిస్ కోటూ టోపీ తగిలించుకుని, తలుపు బార్లా తీసి, బంగాళాదుంపల చెక్కు తీసేది. వెలుగు కావాలంటే చలి. వెచ్చదనం కావాలంటే చీకటి.

"ఆ మీట మార్చవయ్యా బాబూ!" అని ఏవిస్ అంటే, "మీట బానే పనిచేస్తోందిగా, చెడితే మారుస్తా" అనేవాడు.

మరమ్మతు మంచిదే. నేనూ చేస్తాను. మా ఊళ్ళో చెయ్యనివాడు లేడు, ఎందుకంటే చేపల ఫ్యాక్టరీ మూసేశాక కొనగలిగినవాడూ లేడు. పొదుపు గొప్ప గుణమని పత్రికల్లో రాసేవాళ్ళ ఇళ్ళల్లో తలుపులు తిన్నగా మూసుకుంటాయి. అది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

మా చెత్తదిబ్బ పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. నీకు అక్కర్లేనిది అక్కడ పెట్టు, కావలసింది పట్టుకుపో, ఎవడూ అడగడు. శనివారం పొద్దున ఊరంతా అక్కడే ఉంటుంది. పాదిరి గారు కూడా ఆదివారం చెప్పబోయేది ముందుగా అక్కడే చెప్పేస్తుంటారు, అక్కడైతే జనం ఉంటారని. థర్లోకి అది గుడి, బడి, బజారు. ఏవిస్‌కి మాత్రం ఇంట్లో చెత్త వదిలించుకునే ఒక్క దారి. ఆవిడ శుక్రవారం చాటుగా తీసుకెళ్ళి పెట్టేది. ఆయన శనివారం తెచ్చేసేవాడు.

ఒకసారి మీట నిలవని రొట్టెల టోస్టర్‌ని పెట్టొచ్చింది. ఆ మీటని థర్లో బట్టల క్లిప్పుతో, చేపల వల దారంతో కట్టి ఉంచాడు. మర్నాడు అదే టోస్టర్‌ని గుండెలకి హత్తుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏవిస్! ఇది చూడవే! మన దానికి నేను చేసినట్టే ఎవడో క్లిప్పు కట్టాడు. అదే ముడి! ఈ ఊళ్ళో నాలాంటి బుర్ర ఇంకోటుంది!"

"ఉంటే ఆ బుర్రని కూడా అక్కడే వదిలేసి రావాల్సింది" అంది ఏవిస్.

ఆయన వినలేదు. ఆ ఇంకో బుర్ర ఎవరిదా అని నెల్లాళ్ళు ఊరంతా వాకబు చేశాడు.

మంచు కరిగి దారులన్నీ బురదయ్యే రోజుల్లో ఏవిస్ మా ఇంటికొచ్చింది. నేను ఆ ఫ్యాక్టరీలో సార్డీన్ చేపల తలలు కత్తిరించిన మనిషిని. ఆడవాళ్ళందర్నీ బయటికి నడిపించి మూడు సమ్మెలు చేశాను, అందులో రెండు గెలిచాను. అందుకని ఊళ్ళో ఏ ఆడదానికి కడుపు మండినా మా వంటింటికే వస్తుంది.

"లియోనా అక్కా, నాకొక తలుపు కావాలి" అంది.

"షెడ్లో రెండున్నాయిగా."

"షెడ్లోది కాదు. ఎవరూ వాడంది. ఎవరి చెయ్యీ పడంది." కాఫీ కప్పు వంక చూస్తూ చెప్పింది, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు. "నా పెళ్ళి గౌను మా పిన్నిది. ఉంగరం థర్లో వాళ్ళ అమ్మమ్మది. మంచం సముద్రంలో కొట్టుకొచ్చింది. చచ్చేలోపు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నాతోనే మొదలవ్వాలక్కా. తలుపైతే రోజూ ముట్టుకోవచ్చు."

"అడిగావా?"

"అడిగా. కొత్త తలుపు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు, పాతదైతే కనీసం దాని రోగాలు తెలుస్తాయి అన్నాడు."

"అడగడం మానెయ్. సమ్మె చెయ్" అన్నాను.

"వంట మానెయ్యనా?"

"అది పాత పద్ధతి. ఆయన బీన్సు డబ్బా తెరుచుకుని తినేస్తాడు. నువ్వు ఆ ఇంట్లో ఎక్కడెక్కడ చెయ్యి పెడుతున్నావో, కాలు పెడుతున్నావో చెప్పు."

చెప్పడం మొదలెట్టింది. నేను నోరు తెరుచుకుని విన్నాను. బట్టల మిషన్ తిరగాలంటే దాని పక్క రేకుని మోకాలితో నొక్కి ఉంచాలి. నీళ్ళ మోటారు ఆగిపోతే ఇంటి కింది గొట్టాన్ని గరిటతో కొట్టాలి, కానీ గట్టిగా కాదు. టీవీలో బొమ్మ నిలవాలంటే ఎవరో ఒకరు తీగ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడాలి. పొయ్యి గొట్టంలో పొగ వెనక్కి తంతే చీపురుతో మూత ఎత్తాలి. థర్లో చేసిన ప్రతి మరమ్మతులోనూ ఒక ముక్క తక్కువ. ఆ తక్కువైన ముక్క ఏవిస్. ఆ ఇంటికి అసలు విడిభాగం ఆవిడే. ఇన్నేళ్ళూ ఆయన ఆ సంగతి లెక్కలోకే తీసుకోలేదు, గాలిని ఎవడు లెక్కేస్తాడు?

"నువ్వు కుర్చీలో కూర్చో. అంతే" అన్నాను.

కూర్చుంది. ఆ పూటే మోటారు ఆగింది. థర్లో గరిటతో కొట్టాడు, కానీ గట్టిగా కొట్టాడు. గొట్టం ఊడొచ్చింది. బట్టల మిషన్‌కి మోకాలు పెడితే మీటకి చెయ్యి అందలేదు, ఆయన కాళ్ళు పొడుగు. పొయ్యి పొగ కక్కితే కళ్ళు తుడుచుకుంటూ వీధిలోకొచ్చి మా ఇంటి వైపు అరిచాడు.

"లియోనా! మా ఆవిడకేం నూరిపోశావు? ఇంట్లో ఒక్కటీ పనిచెయ్యట్లేదు!"

"అవన్నీ ఎప్పుడూ పనిచెయ్యలేదయ్యా! ఆవిడ చేసేది!"

మర్నాడు ఒప్పుకున్నాడు. తలుపు కొంటానన్నాడు. ఆడమనిషి మోకాలు అవసరమయ్యే మరమ్మతులు ఇక చెయ్యకూడదని నేను ఇంకో షరతు పెట్టాను. దాని మీద బేరమాడబోయాడు, మోచెయ్యి పరవాలేదా అని. ఏవిస్ మళ్ళీ కుర్చీ వైపు చూసేసరికి నోరు మూసుకున్నాడు.

జిల్లా పట్నం నుంచి తలుపు ట్రక్కులో వచ్చింది, ద్వారబంధంతో సహా, మూలలకి అట్టలు తొడిగి. తెల్లటి తలుపు. ఏవిస్ దార్లో ఒక్కచోట కూడా దిగలేదు, దాని పక్కనే ట్రక్కు వెనక కూర్చుని దుప్పటి పట్టుకునుంది. ఫ్రీజర్ తలుపు ఊడదీశారు. మీట తెగిపోయింది, తీగలు రెండూ కలిపేసరికి వంటింటి దీపం వెలిగి, ఇక ఆరలేదు. కొత్త తలుపుని ఎత్తి గోడలో పెట్టబోయారు.

పట్టలేదు.

పట్టదు మరి. మా నేల చలికాలం గడ్డకట్టి ఉబ్బుతుంది, ఎండాకాలం వస్తుంటే కుంగుతుంది. మొద్దుల మీద నిలబెట్టిన ఇల్లు ప్రతి ఏడూ కాస్త పక్కకి ఒరుగుతుంది. మిగతావాళ్ళం జాకీ పెట్టి ఇంటిని సరిచేసుకుంటాం. థర్లోకి అది దండగ ఖర్చుగా తోచింది. ఇల్లు ఒరిగినప్పుడల్లా రంపం తీసి లోపలున్న సామానుని దానికి తగ్గట్టు కోసేవాడు. బల్లకి ఒకవైపు కాళ్ళు పొట్టి. మంచానికి తలవైపు పొట్టి. అరలన్నీ ఏటవాలు. పొయ్యి కింద ఒకపక్క ఇటుకలు. లోపలికెళ్తే అంతా సమంగానే కనిపించేది. బయటి నుంచి చూస్తే ఇల్లు తాగొచ్చినట్టుండేది.

"ఓస్, ఇంతేనా" అన్నాడు థర్లో. ముఖం వెలిగిపోయింది, పొద్దుటి నుంచి మొదటిసారి. రంపం అందుకున్నాడు. "పైన ఇటు రెండు వేళ్ళు, కింద అటు రెండు వేళ్ళు కోసేస్తే సరి..."

ఏవిస్ వెళ్ళి తలుపు మీద బోర్లా పడుకుంది.

"లేవవే, వాన వచ్చేలా ఉంది."

"దీని మీద రంపం పన్ను ఒక్కటి పడిందా, ఇది కూడా నీ తలుపే. కొయ్యాలంటే ముందు నన్ను కొయ్యి."

"మరి పట్టట్లేదే పిచ్చిదానా! ఏం చెయ్యమంటావు?"

"దీన్ని ఇంటికి సరిపెట్టకు. ఇంటిని దీనికి సరిపెట్టు."

అలాంటి మాట ఆయన జన్మలో విన్నట్టు లేదు. రంపం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వాన మొదలైంది. ఏవిస్ లేవలేదు. చివరికి ఆయన తమ్ముడు హార్లన్‌ని పిలిపించారు. పీతల పడవలు ఒడ్డుకెక్కించి ఎత్తే జాకీలు అతని దగ్గరున్నాయి.

హార్లన్ ఇంటి చుట్టూ తిరిగొచ్చి అన్నాడు: "వదినా, ఇది ఇల్లు కాదు, మునిగిపోతున్న పడవ. నేను ఎత్తుతా, కానీ లోపల ఏం జరిగినా నన్ననకు."

"ఎత్తు నాయనా. నేను తలుపు మీదున్నా."

జాకీలు తిప్పాడు. ఇల్లు మూలిగింది. దూలాలు ఫటఫటమన్నాయి. మేకులు పళ్ళు కొరికినట్టు శబ్దం చేశాయి. ఒరిగిన మూల కొద్దికొద్దిగా లేచింది. గోడలోని ఖాళీ మా కళ్ళముందే నిటారుగా నిలబడింది. అప్పుడు లేచింది ఏవిస్, ముందంతా పొడి, వీపు వరదపాలు. తలుపుని ఎత్తి ఆ ఖాళీలోకి తోశారు. సొరుగు జారినట్టు జారి, అంగుళం తేడా లేకుండా కూర్చుంది. నేను చప్పట్లు కొట్టాను. హార్లన్ టోపీ తీశాడు.

లోపల ఏదో పెద్దది పడింది.

వెళ్ళి చూశాం. ఇల్లు తిన్నగా ఉంది. ఇక అందులో తిన్నగా ఉన్నది ఇంకొకటి లేదు. అరల మీది డబ్బాలన్నీ ఒక చివరికి నడుస్తున్నాయి. మంచం గదిలోంచి బయటికొచ్చి నడవలో నిలబడింది, చక్రాలు ఎప్పుడు తగిలించాడో. కుర్చీలన్నీ తూర్పుకి వంగి ఎవరికో దణ్ణం పెడుతున్నాయి. శనివారం రాత్రి మా ఊళ్ళో ప్రతి ఇంటా బీన్సే వండుతారు కాబట్టి, ఆ శనివారం కూడా పొయ్యి మీద బీన్సు కుండ ఉంది. అది తాపీగా జరుగుతూ అంచుకొచ్చింది. హార్లన్ దాన్ని టోపీతో పట్టుకున్నాడు.

థర్లో గది మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు.

"అన్నీ వంకరే" అన్నాడు.

"ఇవాళ వంకరయ్యాయా అన్నా అవి?" అన్నాడు హార్లన్ వేళ్ళు ఊదుకుంటూ. "పైగా ఇప్పుడు మీకు వెలుతురూ ఉంది, వెచ్చదనమూ ఉంది. రెండూ ఒకేసారి ఎలా తట్టుకుంటారో ఏమో."

కానీ వెచ్చదనం లేదు. గాలి కొడుతోంది. తలుపుకి నడుం ఎత్తున గుండ్రటి కన్నం ఉంది. పిడి విడిగా కొనుక్కోవాలట. మాలో ఎవరికీ ఆ సంగతి తెలీదు. కొత్త తలుపు కొన్నవాళ్ళు మాలో ఎవరున్నారు?

థర్లో ప్రాణం లేచొచ్చింది. ఇంటి వెనక తన షెడ్డులోకి పరుగెత్తి పెద్ద రంగుడబ్బా నిండా పిడులు తెచ్చాడు. ఇత్తడివి, గాజువి, పింగాణీవి, బడిది, జైలుది. నేల మీద పోసి, మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ కన్నానికి పెట్టి చూపించాడు.

"ఇది చూడు, పాత బ్యాంకుది. తిప్పితే వెన్న!"

"వద్దు."

"పింగాణీది. మహారాణిలా ఉంటుంది."

"వద్దు. పిడి కూడా కొత్తదే."

"పట్టుకునేది పిడినే కదవే! ఇన్నుంటే ఇంకోటి కొనడం పాపం!"

"పట్టుకునేది పిడినే. అందుకే."

ఆ రాత్రి బీన్సు గిన్నెలు చేత్తో పట్టుకుని తిన్నారు, బల్ల మీద ఏదీ ఆగలేదు కాబట్టి. ఏవిస్ తలుపు దగ్గర కూర్చుని ఎడమ పిడికిలి కన్నంలో దూర్చుకుని కుడిచేత్తో తింది. థర్లో ఒక గుడ్డముక్క ఇవ్వబోయాడు. అది ఆయన పాత లాగు ముక్క. ఆవిడ తలెత్తి చూసింది. దాన్ని జేబులో పెట్టేసుకున్నాడు. తర్వాత తినడం ఆపేసి ఆ పిడికిలి వంక చూస్తూ కూర్చున్నాడట, బీన్సు చల్లారిపోయేదాకా. ఆవిడే చెప్పింది నాతో.

సోమవారం, తలుపుల కొట్టు తెరిచే వేళకి, నా ట్రక్కెక్కి పట్నం వచ్చాడు. కొట్టులో ఒక పిడిని డబ్బాతో సహా తీసి, కొట్టువాడి ముందు పెట్టాడు.

"దీన్ని ఎవరైనా వాడి చూశారా?"

"లేదండీ, కొత్తది."

"మరి పనిచేస్తుందని నీకెలా తెలుసయ్యా? ఇది ఇంకా ఎక్కడా పనిచెయ్యలేదుగా!"

"పనిచెయ్యకపోతే వెనక్కి తెచ్చెయ్యండి."

"వెనక్కా? ఇంటికొచ్చిన వస్తువునా?" నా వైపు తిరిగాడు. "విన్నావా లియోనా? వీళ్ళెలా బతుకుతున్నారసలు!"

కొన్నాడు. దారంతా డబ్బాని ఒళ్ళో పెట్టుకున్నాడు, తెరవలేదు. ఒకసారి మూత సందులోంచి చూడబోయి, తన చెయ్యి పడకూడదని గుర్తొచ్చిందేమో, వెనక్కి తీసుకున్నాడు.

ఇంటి ముందు దిగి ఏవిస్‌కి ఇచ్చాడు. ఆవిడ గడప మీదే కూర్చుని డబ్బా చింపింది, పిడి బయటికి తీసింది, తనే బిగించింది. మర తప్పు వైపు తిప్పినప్పుడు థర్లో నాలుక కరుచుకున్నాడు కానీ చెయ్యి చాపలేదు. అయ్యాక ఆవిడ లోపలికెళ్ళి తలుపు మూసింది. టక్ మంది. తీసింది. మూసింది. టక్. లోపలి నుంచి చాలాసేపు అదే చప్పుడు. మేమిద్దరం బురదలో నిలబడి విన్నాం.

"ఏవిస్" అన్నాడు చివరికి.

"ఏంటి?"

"పనిచేస్తోందా?"

"చేస్తోంది."

"ఎవరూ నొక్కి పట్టుకోకుండానే?"

"ఎవరూ పట్టుకోకుండానే."

ఆయన ముఖంలో ఏదో బాధ పెనుగులాడింది. ఇక ఆపుకోలేకపోయాడు.

"ఆ అట్టడబ్బా మాత్రం పారెయ్యకే. బల్ల కాలికింద సరిగ్గా సరిపోద్ది."

లోపల పొయ్యి మూత తెరుచుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత మూసుకున్న చప్పుడు. తర్వాత గొట్టంలోంచి నీలంగా కొంచెం పొగ, కాలిన అట్ట వాసనతో.

థర్లో టోపీ తీసి ఆ పొగ పోయినంత మేరా చూశాడు. టోపీ పెట్టుకున్నాడు. చెప్పుల బురద గీకి, తన ఇంటి తలుపుని వేలి కణుపుతో తట్టాడు, మెల్లగా, అరిగిపోతుందేమో అన్నట్టు.