జీవరాజు గారి కోటా

ఆ సంఘంలో ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే, జ్ఞాపకార్థ కూడికలో వారి జీవిత చరిత్ర చదివి తీరాలి. చదివేది పెద్దకొడుకు. రాసిపెట్టేది మాత్రం ఇంట్లో చేతిరాత కుదురుగా ఉన్నవాళ్ళెవరో ఒకరు. జీవరాజు గారింట్లో ఆ పని పెద్దకోడలు తబితకి పడింది. ఆమె రాజమండ్రిలో డిగ్రీ చదివింది. ఆ చదువుతో ఉద్యోగం చెయ్యలేదు గానీ, ఇలాంటి పనులన్నీ ఆమె దగ్గరికే వస్తాయి.

రాయడానికి ఒక వరస ఉంది. పుట్టుక, బాప్తిస్మం, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, మనవలు, చివరి జబ్బు. మధ్యలో ఎక్కడో "వీరు అందరితో కలుపుగోలుగా ఉండేవారు" అన్న వాక్యం పడుతుంది. పక్కింటివాళ్ళతో పదేళ్ళు మాట్లాడని మనుషులకి కూడా ఆ వాక్యం చదవగా తబిత విన్నది.

మామగారు కలుపుగోలు మనిషి కాదు. చైనా యుద్ధం అయిపోయిన మరుసటేడు సైన్యంలో చేరారు. వంతెనలు వేసే దళం. తర్వాత రెండు యుద్ధాలు చూశారు. వాటి గురించి ఎవరైనా అడిగితే అక్కడి చలి గురించి చెప్పి ఊరుకునేవారు. హవల్దారుగా రిటైరై కడియం వచ్చి, గణేష్‌బాబు గారి నర్సరీలో అంట్లు కట్టే పనికి కుదిరారు. మామిడి, సపోటా, గులాబీ. ఒళ్ళు సహకరించినంతకాలం ఆ పనే చేశారు. తెల్లారకముందే లేచి గడ్డం గీసుకోవడం, దుప్పటి అంచుకి అంచు కలిపి మడతపెట్టడం, గుమ్మంలో పిల్లల చెప్పులు వరసగా లేకపోతే ఇంట్లోకి రాకుండా అక్కడే నిలబడిపోవడం. నోటితో చెప్పేవారు కాదు. నిలబడేవారు, అంతే. ఎవరో ఒకరు వచ్చి సర్దేవారు.

"కలుపుగోలుగా" అన్నది కొట్టేసి "క్రమశిక్షణ గలవారు" అని రాసుకుంది తబిత.

అత్తగారు జ్ఞానమ్మ పెరటి వసారాలో కూర్చుని గోంగూర ఒలుస్తోంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. భర్త పోయి పదిహేను రోజులైనా కాలేదు, చేతికి పని లేకపోతే కూర్చోలేకపోతోంది.

"ఎంతవరకు రాశావో చదువమ్మా," అంది.

తబిత చదివింది. జ్ఞానమ్మ చివరిదాకా విని, తెల్లగోగు కాడ ఒకటి పక్కన పడేసింది.

"బానే ఉంది. కోటా సంగతేది?"

తబిత కలం మూత పెట్టేసింది. ఈ ప్రశ్న వస్తుందని ఆమెకి తెలుసు.

సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళకి మిలిటరీ క్యాంటీన్లో నెలనెలా రమ్ము కోటా ఉంటుంది. జీవరాజు గారు నెలకోసారి సైకిలు మీద రాజమండ్రి వెళ్ళి, కోటా సీసాలు గోనెసంచిలో చుట్టి తెచ్చేవారు. తెచ్చి అమ్మేసేవారు. నర్సరీ కూలితో, ఆ పెన్షనుతో ముగ్గురు పిల్లలకి తిండి గడిచేది గానీ చదువు గడిచేది కాదు. సంగతి ఊరందరికీ తెలుసు. పెద్దకొడుకు డేనియల్ కాలేజీలో ఉన్నప్పుడు జీవరాజు గారి పేరు సంఘపెద్దల ఎన్నికలో వస్తే, అప్పటి పెద్దలు తీసేశారు. సీసాలు మోసే చేతులతో కానుకల పళ్ళెం పట్టుకుంటాడా అన్నారట. ఆయన మరుసటి నెలా సైకిలెక్కారు.

"అది రాస్తే బాగుంటుందంటారా అత్తయ్యా?"

"బాగుండటానికి రాస్తున్నావా, ఆయన గురించి రాస్తున్నావా?"

"అది కాదండీ. సంఘపెద్దగా డేనియల్ గారి ఎన్నిక..."

"నాకూ తెలుసు." జ్ఞానమ్మ ఆకు దులిపింది. "ఆ సీసాలతో చదువుకున్నది ముగ్గురు. ఊరి ముందు తలొంచుకుని నడిచింది మాత్రం ఆయనొక్కడే. పోయాక కూడా ఆయనొక్కడే మొయ్యాలా? ఆ ముక్క లేకపోతే నేను కూడికకి రానమ్మాయ్. మోకాళ్ళ నొప్పులని చెప్పుకోండి."

భార్య రాని కూడిక అంటే ఊళ్ళో ఇంకేం చెప్పుకుంటారో తబితకి తెలుసు. అత్తగారు అన్నంత పనీ చేస్తుందనీ తెలుసు. అక్కడే కూర్చుని రాసింది: 'పిల్లల చదువులకు సంపాదన చాలక, సైన్యం వారిచ్చే రమ్ము కోటాను అమ్మేవారు. తాను మాత్రం ఏనాడూ ముట్టలేదు.'

"ఆ రెండోది తీసెయ్," అంది జ్ఞానమ్మ.

"ఏం?"

"చలికాలంలో జలుబు చేస్తే ఒక్క మూత తాగేవారు. నేనే పోసేదాన్ని."

తబిత రెండో వాక్యం కొట్టేసింది. కొట్టేశాక మొదటిది ఒంటరిగా, మరీ బరువుగా కనిపించింది. అయినా అలాగే ఉంచింది.

సాయంత్రం డేనియల్ బడి నుంచి వచ్చాడు. మండపేటలో హెడ్మాస్టరు. కాగితం నిలబడే చదివాడు, ఆ వాక్యం దగ్గర కూర్చున్నాడు.

"ఇదేంటి తబితా?"

"అత్తయ్య రాయమన్నారండీ."

"అమ్మ రాయమంటే రాసేస్తావా? వచ్చే ఆదివారం ఎన్నిక పెట్టుకుని! నాన్నకి దక్కనిది ఇన్నాళ్ళకి మనింటికి వస్తోంది. నర్సరీ పని చేసి చదివించారని రాయి. అబద్ధం కాదుగా."

"ఆ కూలితో చదవలేదు కదండీ మీరు."

కాకినాడ నుంచి వచ్చిన చెల్లెలు సారిక అక్కడే పిల్లకి జడ వేస్తోంది. "నేను నర్సింగ్ చదివింది రమ్ముతోనే అన్నయ్యా," అంది తల ఎత్తకుండా. "నాకేం సిగ్గు లేదు."

"నీకెందుకుంటుంది? సోమవారం బస్సెక్కి పోతావు. ఇక్కడ ఉండేది నేను."

"అయితే అమ్మతో చెప్పు."

తల్లితో చెప్పడానికి అతను పెరట్లోకి వెళ్ళాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో తబితకి వినపడలేదు. ఎక్కువసేపు మాత్రం పట్టలేదు. తిరిగొచ్చి, "చదువుతాన్లే," అన్నాడు. మరీ త్వరగా ఒప్పుకున్నాడని తబితకి అనిపించింది.

శనివారం పొద్దున్న ఇంటి ముందు షామియానా వేశారు. ముందు వరసలో సంఘపెద్దలు, పక్కన కుర్రవాడైన కొత్త పాస్టరు అయ్యగారు. వెనకాల నర్సరీ మనుషులు, వాళ్ళ మధ్య గణేష్‌బాబు గారు భుజాన తువ్వాలుతో. జ్ఞానమ్మ తెల్లచీరలో ముందు కుర్చీలో, చిన్నకొడుకు పక్కన కూర్చుంది. మోకాళ్ళ ప్రస్తావన రాలేదు.

పాట అయింది, ప్రార్థన అయింది. డేనియల్ మైకు ముందుకి వెళ్ళాడు. బడిలో ప్రార్థన సమయంలో మాట్లాడి మాట్లాడి అతనికి మంచి గొంతు అలవడింది. పుట్టుక, బాప్తిస్మం, యుద్ధాలు చక్కగా చదివాడు. నర్సరీ వచ్చింది. తబిత సాంబారు గిన్నెల వైపు వెళ్ళబోయి ఆగింది.

"పిల్లల చదువులకు సంపాదన చాలక, క్యాంటీన్ సరుకులు అమ్మి..."

"ఏం సరుకులురా?" అంది జ్ఞానమ్మ.

గట్టిగా ఏం అనలేదు. కానీ అప్పటిదాకా ఎవరూ దగ్గనైనా లేదు కాబట్టి అందరికీ వినిపించింది. డేనియల్ కాగితం మీంచి తలెత్తాడు.

"అమ్మా, తర్వాత..."

"తర్వాతెప్పుడు? మీ నాన్న కూడిక ఇదే కదా. సబ్బులా? పేస్టులా? పేరు చెప్పు."

డేనియల్ తబిత వైపు చూశాడు. తబిత తల దించుకోలేదు, తిప్పుకోనూ లేదు. ముందు వరసలో ఒక పెద్దాయన కండువా సర్దుకున్నాడు. మైకు కాసేపు గుయ్యిమంది.

"రమ్ము," అన్నాడు డేనియల్.

షామియానా స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకరు ఆ మాటని రోడ్డుదాకా మోసుకెళ్ళింది. మొక్కల లోడుతో వెళ్తున్న లారీ డ్రైవరొకడు తల బయటికి పెట్టి చూశాడు.

"మంచి సరుకండీ! చుక్క నీళ్ళు కలిపేవాడు కాదు మహానుభావుడు, నేనే కొనే..." అంటూ వెనక నుంచి గణేష్‌బాబు గారు అందుకుని, తానెక్కడున్నారో గుర్తొచ్చి తువ్వాలు నోటికడ్డం పెట్టుకున్నారు. నర్సరీ మనుషులు నవ్వారు. ముందు వరస నవ్వలేదు. అయ్యగారు బైబిలు తెరిచి ఏదో పేజీ వెతకడం మొదలుపెట్టారు.

"ఊఁ. ఇప్పుడు చదువు," అంది జ్ఞానమ్మ.

డేనియల్ ఆ వాక్యం మొదటి నుంచి మళ్ళీ చదివాడు. ఈసారి కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాడు. మనవల పేర్ల దగ్గరికి వచ్చేసరికి హెడ్మాస్టరు గొంతు పోయి మామూలు గొంతు మిగిలింది. చివరి జబ్బు చదవలేక సారికని పిలిచి ఇచ్చాడు.

భోజనాల దగ్గర పెద్దలు ఆ మాట ఎత్తలేదు. పప్పు బాగుందన్నారు. మామూలుగా ఇంకో గంట కూర్చునేవాళ్ళు, ఆరోజు ముందే లేచారు.

ఆదివారం తబిత గుడికి వెళ్ళలేదు. అత్తగారికి నిజంగానే మోకాళ్ళు పట్టేశాయి. ఆవనూనె కాచి కాళ్ళకి రాస్తుంటే డేనియల్ వచ్చాడు. బూట్లు విప్పి గోడవారగా పెట్టాడు.

"ఏమైందిరా?" అంది జ్ఞానమ్మ.

"నా పేరు చదవలేదమ్మా. లిస్టు ముందే మార్చేసుకున్నారు."

"ఎవరూ అడగలేదా?"

"లేదు. నేనూ అడగలేదు."

జ్ఞానమ్మ చీర పాదాల మీదికి లాక్కుంది. కొడుకు ముఖం కాసేపు చూసింది.

"మీ నాన్నకీ ఇవ్వలేదుగా," అంది. "ఆయన ఆరోజు వచ్చి అన్నం తిన్నారు. నువ్వూ తిను."

డేనియల్ కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. తబితతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమె నూనె చేతులు కడుక్కుని వచ్చి వడ్డించింది. గోంగూర పచ్చడితో తిన్నాడు, మజ్జిగ పోసుకోబోయి ఆగి, కంచం ముందుకి జరిపి ఇంకాస్త అన్నం పెట్టమన్నాడు.

తబిత పెట్టింది.