వదిన దిద్దని గీత

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను లోకం చాలామందినే చూసింది. తగలేసిన తెప్ప కోసం మళ్ళీ అదే ఒడ్డుకు వచ్చి నిలబడినవాణ్ణి మాత్రం ఆ ఇంటి పెద్దకోడలు చూసింది. వచ్చినవాడు పరాయివాడు కాదు, సొంత మరిది.

అప్పుడామె అత్తగారిని పక్కకు ఒత్తిగిలించి వీపుకు పొడి అద్దుతోంది. మంచం పట్టిన మనిషికి వీపు పుండు పడకుండా చూడడం కూడా ఒక విద్యే. గుమ్మంలో బూట్ల చప్పుడైంది. అత్తగారు గోడవైపే చూస్తూ, "చిన్నాడు. బూట్లు విప్పకుండా లోపలికొచ్చేది వాడొక్కడే" అంది.

"వదినా, బావున్నావా?" అన్నాడు మరిది. తల్లిని ఆ తర్వాత అడిగాడు.

"నువ్వు బావుండగా మాకేం లోటు నాయనా. దారి తప్పి వచ్చావా, పని పడి వచ్చావా?"

"రెండూ కాదు. ఊరికే చూసిపోదామని."

"చూశావుగా," అంది అత్తగారు, "ఇప్పుడు పని చెప్పు."

పని 'కుంచె' గురించి. కంప్యూటరు పలక మీద పెన్నుతో బొమ్మలు గీసే ప్రోగ్రాము పేరది. పుస్తకాలకు అట్టలు వేసేవాళ్ళు, గోడ ప్రకటనలు గీసేవాళ్ళు, చీటీగుడ్డల మీద పూలు వేసేవాళ్ళు అందరూ దానికి అలవాటు పడ్డారు. దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా రాసింది పెద్దకోడలు. దానితో పేరు తెచ్చుకుంది మరిది. పెన్ను పలక మీద ఆనించి, ఎత్తకుండా, చెవి దగ్గర మొదలుపెట్టి మళ్ళీ అదే చెవి దగ్గర కలిపి, మనిషి మొహాన్ని ఒక్క గీతలో గీసేవాడు. జనం ముక్కు మీద వేలేసుకునేవారు. అతనికి 'ఒంటిగీత' అని పేరు పడిపోయింది. ఆ పేరు మీదే కంపెనీ నిలబడింది.

అత్తగారు మంచాన పడ్డాక పెద్దకోడలు నాలుగు రోజులు ఇంటి దగ్గర ఉండిపోయింది. నాలుగు రోజులు నాలుగు నెలలయ్యాయి. తిరిగి ఆఫీసుకు వెళితే ఆమె కుర్చీలో బట్టతల ఇంజినీరొకడు కూర్చుని టీ తాగుతున్నాడు. "అమ్మను చూసుకునేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలిగా వదినా" అన్నాడు మరిది. కుర్చీ పోయినందుకు ఆమె అంతగా ఏడవలేదు. ఆ తర్వాత ఒక సభలో ఎవరో లేచి, కుంచెను ఎవరు తయారుచేశారని అడిగారు. ఒంటిగీత తన కుడిచెయ్యి పైకెత్తి చూపించి, "ఇదిగో, ఇందులోంచే పుట్టింది. మా వదిన టైపు కొట్టిపెట్టిందిలెండి" అన్నాడు. సభంతా నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ నవ్వు ఆమె చెవిలో దూరిన చీమలా అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు లోకమంతా కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారిపోతోంది. పాత సిస్టమ్ మీద నడిచే కుంచె అందులో కన్ను తెరవడంలేదు. బట్టతల ఇంజినీరు, అతని కిందివాళ్ళు కలిసి దాన్ని విప్పారు, మళ్ళీ కట్టారు. మొదటి గీత గీయగానే కొయ్యబారిపోతోంది. కొత్త సిస్టమ్‌లోకి వెళ్ళకపోతే వాడేవాళ్ళంతా వేరే ప్రోగ్రాము వెతుక్కుంటారు. ఒంటిగీత ఒట్టి గీత అయిపోతాడు.

"రాసినదానివి నువ్వే కదా. ఓ చెయ్యి వెయ్యి" అన్నాడు మరిది.

"టైపు కొట్టినదాన్ని," అంది పెద్దకోడలు, చిన్నగా నవ్వి దుప్పటి సర్దుతూ. "సరే, వస్తానులే. మీ అన్నయ్య సాయంత్రాలు అత్తయ్యను చూసుకుంటాడు."

అంత సులువుగా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. అత్తగారు కూడా అనుకోలేదు. అతను వెళ్ళాక కోడలి మొహంలోకి చాలాసేపు చూసి, "నువ్వు నవ్వితే నాకు భయం అమ్మాయ్" అంది.

అత్తగారి భయానికి కారణం ఉంది. చిన్నాడు చిన్నప్పుడు పిట్టగోడ మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు సరిగా పడలేదు. ఎముక కాస్త వంకరగా అతుక్కుంది. పైకి కనబడదు. గీత మొదలుపెడితే బాణంలా వెళుతుంది, మలుపు తిరిగి చివరికి వచ్చేసరికి మాత్రం మణికట్టు ఎడమకు లాగేస్తుంది. సున్నా చుడితే సున్నా కలవదు, తప్పు పెన్సిలుదే అనుకునేవాడు. బొమ్మలంటే ప్రాణం పెట్టే పిల్లాడు. కుంచె రాస్తున్న రోజుల్లో అత్తగారు కోడల్ని వంటింట్లోకి పిలిచి, "వాడి చెయ్యి సంగతి నువ్వు చూసుకో. వాడికి మాత్రం తెలియనీకు. తెలిస్తే మళ్ళీ పెన్ను పట్టడు" అంది.

కోడలు చూసుకుంది. అతను గీసిన గీతలన్నీ ముందేసుకుని, చెయ్యి ఎక్కడ తప్పుతుందో, ఎంత తప్పుతుందో పట్టుకుంది. అతని వెండిరంగు పెన్ను పలకను తాకితే చాలు, చివరి మలుపులో గీతను చడీచప్పుడు లేకుండా దారిలోకి లాగే ముక్క ఒకటి రాసింది. మిగతా ఎవరి పెన్నుకూ అది పనిచేయదు. దానికి 'అత్తగారి మాట' అని పేరు పెట్టుకుంది. అలా ఒంటిగీత గీసిన ప్రతి బొమ్మలోనూ చివరి మలుపు వదినదే. నడక నేర్పిన చెయ్యి వెనకే ఉందని తెలియని పిల్లాడిలా, తానే నడుస్తున్నాననుకున్నాడు.

ఆఫీసులో ఆమెకు గోడవారగా, నీళ్ళ డబ్బా పక్కన బల్ల వేశారు. కొయ్యబారిపోవడానికి కారణం అత్తగారి మాటేనని కూర్చోగానే తెలిసిపోయింది. ఎవరి పెన్ను ఆనినా, అది మరిదిదేనా అని ముందు ఆ ముక్కే తొంగిచూస్తుంది. పాత సిస్టమ్ పెద్దమనిషిలాంటిది, ఇంట్లో ఎవరేం చేసినా చూసీ చూడనట్టు ఊరుకునేది. కొత్తది గయ్యాళి కాపలాదారు. పెన్ను చేసిన సంజ్ఞను ఏ ప్రోగ్రామైనా మధ్యలో మార్చబోతే చెయ్యి పట్టుకు ఆపేస్తుంది. మార్చాలంటే వాడే మనిషిని తెర మీద అడగాలి, అతను సరే అనాలి. దొంగచాటు వ్యవహారం దాని దగ్గర కుదరదు.

పని ముగింపుకు వచ్చాక అందరూ కూర్చున్న సమావేశంలో బట్టతల ఇంజినీరే తేనెతుట్టెను కదిపాడు. "మేడమ్, ఈ అత్తగారి మాట అనే ముక్క ఏంటండి? ఎక్కడ వేలు పెట్టినా అదే అడ్డొచ్చింది."

బల్ల చుట్టూ నవ్వులు పొర్లాయి. "చూశారా," అన్నాడు మరిది, "మా వదిన ఇంట్లో గోలంతా తెచ్చి ప్రోగ్రాములో పోసుకుంది."

"అది గీతకు సంబంధించిందే మరిదిగారూ," అంది ఆమె చాలా మర్యాదగా. "కొత్తదాంట్లోకి తేవాలంటే తేవచ్చు. కాస్త పని. తెమ్మంటారా?"

"పాత చెత్త వద్దు."

"తేకపోతే గీతలో తేడా వస్తుందేమో."

"గీత నా చేతిలో ఉంది వదినా, నీ టైపులో కాదు. వద్దు."

"మీ చేతికి అలవాటైన ముక్క. తర్వాత మాట రాకూడదని అడుగుతున్నాను, అంతే."

అతను బల్ల చుట్టూ చూసి కన్ను గీటాడు. "అత్తగారి మాట నీకు వేదం కావచ్చు. మాకెందుకు? పీకి పారెయ్."

ఆమె తలవంచుకుని పీకి పారేసింది. కొయ్యబారిన కుంచె లేచి కూర్చుంది. ఆఫీసంతా చప్పట్లు. బట్టతల ఇంజినీరు వచ్చి టీ ఇచ్చాడు. ఆమె ఆఖరి చుక్క దాకా తాగింది.

విడుదల సభకు పెద్ద హాలు తీసుకున్నారు. కొత్త సిస్టమ్ తయారుచేసిన కంపెనీ పెద్దావిడ ముందు వరుసలో కూర్చుంది. పెద్దకోడలు చివరి వరుసలో, గోడకు తల ఆనించి కూర్చుంది. ముందొకసారి గీసి చూసుకోమంటే తన చేతికి అవమానమనుకున్న ఒంటిగీత వేదికెక్కి, పెద్దావిడకు దండం పెట్టి, "మీ మొహమే గీస్తాను, కదలకండి" అన్నాడు. వెండిరంగు పెన్ను పలక మీద ఆనింది. వెనక ఇంటి గోడంత తెర మీద నల్లటి గీత పాకడం మొదలుపెట్టింది. చెవి, నుదురు, ముక్కు, పెదవులు. హాలు ఊపిరి బిగబట్టింది. గడ్డం కింద మలుపు తిరిగి గీత చెవివైపు ఎక్కుతూ ఎక్కుతూ, దొడ్డిలోకి పోవాల్సిన దూడ పొరుగు చేలోకి పోయినట్టు ఎడమకు పోయింది. పెద్దావిడ దవడ పగిలిన కుండ అంచులా తెరుచుకుని ఉండిపోయింది.

అతను నవ్వేశాడు. "కొత్త పెళ్ళికూతురు, ఇంకా బెరుకు పోలేదు" అని చెరిపి మళ్ళీ గీశాడు. మళ్ళీ అక్కడే పోయింది. మూడోసారి గీత నెమ్మదిగా నడిపాడు. నెమ్మదిగా పోయింది.

"పెన్ను పాడైనట్టుంది," అన్నాడు మైకులో.

బట్టతల ఇంజినీరు పరుగున వేదికెక్కాడు. వాడికి తాను రాత్రింబవళ్ళు కూర్చున్న ప్రోగ్రాము పరువు ముఖ్యం. యజమాని చేతిలోంచి ఆ పెన్నే తీసుకుని, ఏ ఆలోచనా లేకుండా, పలక మీద ఒక సున్నా చుట్టాడు. తెర మీద సున్నా పళ్ళెంలా గుండ్రంగా వచ్చి, మొదలుపెట్టినచోటే కలిసింది.

"పెన్ను బానే ఉందండి," అన్నాడు పాపం, మైకు దగ్గరే ఉందని మరిచిపోయి.

ఎక్కడో ఒకరు నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. పెద్దకోడలు ఆ నవ్వును మొదటినుంచి చివరిదాకా విన్నది. చెవిలో చీమ బయటికి వచ్చి తన దారిన తాను పోయింది.

ఇంటికి వచ్చి అత్తగారికి పాలు పడుతుంటే, సభ సంగతి అప్పటికే విన్న ఆమె చెంచా నుంచి మొహం తిప్పేసి అడిగింది. "వాడి చెయ్యి వదిలేశావా?"

"మూడుసార్లు అడిగానండి. మూడుసార్లూ వద్దన్నాడు."

"నువ్వడిగిన తీరు నాకు తెలీదూ. వద్దనేలాగే అడిగుంటావ్."

కోడలు కాదనలేదు. చెంచా అలాగే పట్టుకుని కూర్చుంది. పాలు చల్లారేదాకా అత్తగారు నోరు తెరవలేదు.

మర్నాడు మరిది వచ్చాడు. బూట్లు బయట విప్పాడు. తల్లి మంచం పట్టె మీద కూర్చుని, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, "అమ్మా, నా చేతికి ఏమైంది?" అన్నాడు.

తల్లి చెప్పింది. పిట్టగోడ, కట్టు, వంటింట్లో కోడలికి చెప్పిన మాట, ఏదీ దాచలేదు. అతను వింటూ నేలకేసి చూశాడు. ఆమె చెప్పడం అయ్యాక, "ఇన్నాళ్ళూ గీసింది నేను కాదా అయితే?" అన్నాడు.

"చెవినుంచి గడ్డం దాకా నువ్వే," అంది వదిన గుమ్మంలోంచి. "అక్కడినుంచి నేను."

"మళ్ళీ పెట్టు వదినా. ఇదివరకటిలాగే, ఎవరికీ తెలియకుండా."

"పెడతాను. తెలియకుండా పెట్టడం మాత్రం నా చేతిలో లేదు నాయనా. కొత్త సిస్టమ్ ఒప్పుకోదు. నువ్వు పెన్ను ఆనించిన ప్రతిసారీ తెర మీద అడుగుతుంది. నువ్వు సరే నొక్కాలి."

"అందరికీ కనబడుతుందిగా."

"కనబడుతుంది."

"ఏమని అడుగుతుంది?"

"అది రాసేవాళ్ళ ఇష్టం. నేను టైపు కొట్టేదాన్నేగా, ఏదో ఒకటి కొడతాను."

అతను తల్లివైపు చూశాడు. ఆమె మొహం గోడవైపు తిప్పేసుకుంది.

తర్వాతి సభను ఇంట్లోనే ఫోనులో చూశారు. అత్తగారి కళ్ళకు అక్షరాలు ఆనవు కాబట్టి కోడలు ఫోను ఆమె మొహానికి దగ్గరగా పట్టుకుంది. ఒంటిగీత పెన్ను ఆనించాడు. వెనక తెర మీద బొమ్మకు బదులు ఒక ప్రశ్న లేచింది. దూరంగా కూర్చున్నవాళ్ళకు కూడా తెలిసేంత పెద్ద అక్షరాలు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. అతను పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏం రాసుందే అక్కడ? చదువు," అంది అత్తగారు.

"'ఈ గీతను మీ వదిన సరిదిద్దవచ్చా?' అని ఉందండి. కింద సరే, వద్దు అని రెండున్నాయి."

అత్తగారి పొట్ట దుప్పటి కింద కదిలింది. నవ్వో దగ్గో కోడలికి తెలియలేదు.

"ఏది నొక్కాడు?"

"ఇంకా నొక్కలేదండి."

"నొక్కుతాడు. పాలు తే, చల్లారిపోతాయి."