నీలం రైల్లో మిగిలిన దిగులు

పొద్దున్నే పార్కు గేట్లు తెరవకముందు బ్రేకాయన ఎర్ర రైలునీ నీలం రైలునీ ఖాళీగా ఒక చుట్టు తిప్పి, చక్రాల చప్పుడు చెవొగ్గి వింటాడు. పక్కనే అద్దాల గదిలో ఆయన భార్య మైకు సరిచూసుకుంటుంది. "చేతులు లోపల, కాళ్ళు లోపల, ప్రాణాలు గుప్పిట్లో!" ఈ మూడు ముక్కలూ ఏళ్ళ తరబడి చెప్పీ చెప్పీ ఆవిడ మైకావిడ అయిపోయింది.

వాళ్ళు నడిపేది పందెం రోలర్ కోస్టర్. రెండు రైళ్ళూ పక్కపక్కనే బయల్దేరి, ఎక్కి, దూకి, మెలికలు తిరిగి, ఒకచోట చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా వచ్చి విడిపోతాయి. చూడ్డానికి రెండు పట్టాలు గానీ నిజానికి ఒకటే పొడుగాటి పట్టా. అందుకే ఎడమ పక్క ఎక్కినవాళ్ళు కుడి పక్క దిగి, ఎక్కేచోట విడిచిన చెప్పులు పోయాయని గోల పెడతారు.

పట్టుదలలూ చెప్పుల్లాంటివే. ఎర్ర రైలు ముందు సీట్లోని మనిషి మనసులో ఏది గట్టిగా పట్టుకుని కూర్చుంటాడో అది నీలం రైలు ముందు సీట్లోని మనిషికి పోతుంది. ఆ మనిషిది ఇతనికొస్తుంది. ఇల్లు అమ్ముదామన్న అన్నయ్య వద్దంటూ దిగుతాడు, వద్దన్న తమ్ముడు అమ్ముదామంటూ దిగుతాడు. తగాదా ఎక్కడిదక్కడే ఉంటుంది. అవతలి రైలు ముందు సీటు ఖాళీగా ఉంటే మాత్రం, పట్టుదల ఆ సీట్లోనే ఉండిపోయి తర్వాత కూర్చున్నవాళ్ళకి అంటుకుంటుంది. ఎవరో వదిలేసిన గుండు కోరిక ఒక హెడ్మాస్టరుకి అంటుకుంటే, ఆయన తిన్నగా సెలూనుకి వెళ్ళాడు. మర్నాడు బడిలో ఎవరూ ఏమీ అడగలేదు. ఆదివారం పార్కుకి వెళ్ళుంటారులే అనుకున్నారు.

ఇలా ఉండగా, దూరపు ఊళ్ళో పెట్టిన కొత్త పార్కు నుంచి మైకావిడకి కబురొచ్చింది. అక్కడ మైకులో మాట్లాడేవాళ్ళందరికీ నేర్పే ఉద్యోగం. ఆవిడ ఎగిరి గంతేసింది. బ్రేకాయన మొహం మాడ్చుకున్నాడు.

"ఉన్న ఉద్యోగానికి ఏమొచ్చింది?"

"ఇక్కడ ఉన్నవి మూడు ముక్కలండీ. నాకు నాలుగోది చెప్పాలనుంది. మీరూ రండి, ఇద్దరం పోదాం."

"అక్కడ బ్రేకులన్నీ కంప్యూటరే వేస్తుందట. నేనొచ్చి ఏం చెయ్యను, దానికి విసనకర్రతో విసరనా?"

మాట తెగక, భోజనాల వేళ ఇద్దరూ చెరో రైలూ ఎక్కారు. ఆయన మీట లాగాక, రైళ్ళు కదిలేలోపు వెళ్ళి కూర్చునేంత వ్యవధి ఉంటుంది. దిగేసరికి బ్రేకాయన మొహం వెలిగిపోతోంది. ఇంటికెళ్ళగానే అటక మీది పెట్టె దించి ఆవిడ బట్టలు మడతపెట్టడం మొదలెట్టాడు. స్నానాల గదిలో నాలుగో ముక్క, అయిదో ముక్క గొంతెత్తి అంటున్నాడు. తన నోరు ఇన్నాళ్ళూ ఎంత దురద పెట్టిందో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు ఆయనకి తెలిసింది.

ఆవిడేమో గుమ్మంలో కూలబడింది. "నేను పోతే మీకు తలుపెవరు తీస్తారు?"

బ్రేకాయనకి ఇంటి తాళంచెవి లేదు. ఎప్పుడూ లేదు. సాయంత్రం ఆవిడే ముందు ఇల్లు చేరుతుంది. ఇప్పుడు ఆయన దిగులు తన లోపలికి వచ్చాక ఆవిడకి ఒకటే కనబడుతోంది: మూసిన తలుపు, దాని ముందు సంచీ పట్టుకుని నిలబడ్డ మనిషి. ఈయన వద్దు వద్దన్నది ఇందుకా అని ఆవిడ గుండె నీరైపోయింది.

మర్నాడు మళ్ళీ ఎక్కారు, మళ్ళీ తారుమారైంది. ఆ మర్నాడూ అంతే. ఆవిడ సర్దిన పెట్టె ఆయన విప్పాడు, ఆయన సర్దింది ఆవిడ విప్పింది. చివరికి అసలు వెళ్తానన్నది ఎవరో, ఆపింది ఎవరో తెలీక అన్నం ముందు కూర్చుని మొహమొహాలు చూసుకున్నారు. ప్రయాణం రోజు వచ్చేసరికి కోరిక ఆయన దగ్గరా, దిగులు ఆవిడ దగ్గరా ఉన్నాయి.

"ఇలా కాదండీ," అంది మైకావిడ. "నన్ను పంపాలని మీకుంది, పోకూడదని నాకుంది. ఎవరి బతుకు ఎవరు బతుకుతున్నట్టు? బస్సు టైముకి ముందు ఇంకొక్క చుట్టు తిరుగుదాం. ఎవరిది వాళ్ళకొచ్చాక చూసుకుందాం."

ఆవిడ ఎర్ర రైలు ముందు సీట్లో కూర్చుంది. ఆయన మీట లాగి, నీలం రైలు దాకా నడిచి ఆగిపోయాడు. కూర్చుంటే దిగులు తనకొస్తుంది. వస్తే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపేస్తాడు, అది ఖాయం. కావాలని ఆగాడో, కాళ్ళే ఆగాయో ఆయన ఈ రోజుకీ చెప్పలేడు. నీలం రైలు ఖాళీగా వెళ్ళిపోయింది.

ఆవిడ అవతలి ప్లాట్‌ఫాం మీద దిగి బిక్కమొహం వేసింది. "నాకేమీ అనిపించట్లేదేంటండీ?"

"నేను ఎక్కలేదు. నీ దగ్గరున్న దిగులు ఆ సీట్లో ఉండిపోయింది. నీ కోరిక నా దగ్గరే ఉంది."

ఆవిడకి కోపం రావలసిందే. కానీ కోపానికి కూడా లోపల ఏదో ఒకటి ఉండాలి కదా. ఊరు తెలీని మనిషిలా బెంచీ మీద కాసేపు కూర్చుంది.

"అక్కడ మైకు ఎలాంటిదట?"

"కాలరుకి తగిలించుకునేదట. చేతులు ఖాళీగా ఉంటాయట."

"అలాగా." ఆవిడ తన చేతుల్ని తిప్పి చూసుకుంది. "సరే, వెళ్ళి చూస్తాను."

అది పాత కోరిక కాదు. అప్పుడే పుట్టింది, చిన్నది, అచ్చంగా ఆవిడదే. బస్సెక్కే ముందు తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చిల్లర తీసుకున్నట్టు తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఇద్దరి కళ్ళూ పొడిగానే ఉన్నాయి.

ఈ గందరగోళంలో నీలం రైలు ముందు సీట్లో ఎవరూ కూర్చోకుండా తాడు కట్టడం ఆయన మర్చిపోయాడు. మధ్యాహ్నం గుబురు మీసాల దర్జీ ఒకాయన అందులో కూర్చున్నాడు. దిగుతూనే ప్లాట్‌ఫాం కమ్మీలు పట్టుకుని భోరుమన్నాడు.

"ఆవిణ్ణి పోనివ్వకండి బాబూ! సాయంత్రం నాకు తలుపెవరు తీస్తారు? నా దగ్గర తాళంచెవి కూడా లేదు!" అంటూ జేబు బాదుకుంటుంటే, ఆ జేబులో తాళాల గుత్తి గలగలమంది.

బ్రేకాయన మంచినీళ్ళు అందించాడు. "ఆవిడ అంటే... మీ ఇంటావిడా?"

"నాకు పెళ్ళే కాలేదు బాబూ. ఆవిడెవరో తెలీదు. ఆవిడ లేకపోతే మాత్రం నేను బతకలేను!"

బ్రేకాయనకి మొదట నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది, ఆపైన ఒళ్ళు మండింది. తన భార్య కోసం పరాయివాడు పట్టపగలు ఇంత బాగా ఏడవడమేమిటి? తను పొడి కళ్ళతో గ్లాసు పట్టుకుని నిలబడడమేమిటి?

"లేవండి," అన్నాడు. "ఇంకో చుట్టు తిరుగుదాం. అది నాది."

చుట్టు తిరిగొచ్చాక దర్జీ మీసాలు తుడుచుకుని ఆకాశంకేసి చూశాడు. "ఎన్నాళ్ళని ఇవే చొక్కాలు కుడతానండీ?" అని, బస్టాండు ఎటో కనుక్కుని చకచకా వెళ్ళిపోయాడు. బ్రేకాయన మాత్రం సీట్లోంచి లేవలేకపోయాడు. పక్క ఆట నడిపే మనిషి వచ్చి రెక్క పట్టుకుని దించాల్సి వచ్చింది.

సాయంత్రం ఇంటి ముందు సంచీ కింద పెట్టి, తాళంచెవి తీశాడు. అది ఎటు తిప్పినా తిరగలేదు. ఫోన్ తీశాడు. వచ్చెయ్ అందామని నోటిదాకా వచ్చింది. ఆ ఉద్యోగం మీది కోరిక ఎలా ఉంటుందో తెలీకపోతే అనేసేవాడే.

"ఈ తాళం ఎటు తిప్పాలి?"

"తలుపుని మీ వైపు కాస్త లాక్కుని, ఎడమకి తిప్పండి," అంది ఆవిడ. "గొంతేంటండీ అలా ఉంది?"

"నాది నాకొచ్చేసింది."

ఆయన తలుపుని తన వైపు లాక్కుని, ఎడమకి తిప్పాడు. తలుపు తెరుచుకున్న కిర్రు ఆవిడకి వినబడే ఉండాలి.

"ఆదివారం వస్తాను," అంది. "తలుపు మీరే తియ్యాలి."