ఊఁ కొట్టినవాడు

సబిన్‌స్పెక్టరు తాతారావు ఎవర్నీ కొట్టడని గూడెం చుట్టుపక్కల పేరు. ఆ పేరంటే ఆయనకి మహా ఇష్టం. కొండగ్రామాల పెత్తందారైన ముఠాదారు ఇంటి అరుగు మీద చాప పరిపించుకుని, మంగ్లు అనే కొండవాడి ఇంటి కోడినే వండించుకు తిని, పళ్ల సందున చిక్కిన పీచుని గోటితో లాగుతూ ఆ మంగ్లునే విచారిస్తున్నాడు.

సారా కంట్రాక్టరు గుమాస్తా ఒకడు వాగు రాళ్లలో తల పగిలి చచ్చిపడున్నాడు. అంతకుముందు సంతలో వాడితో మాటామాటా అనుకున్నవాడు మంగ్లు. తాతారావుకి అంతకంటే అక్కర్లేకపోయింది. సాక్షి సంతకానికని విశ్వాసమనే మిషను బడి పంతుల్ని పిలిపించి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఒరే మంగ్లూ, నే చెప్తుంటాను, నువ్విను," అన్నాడు, మనవడికి కథ చెప్పే తాతలా. "సంత నుంచి గుమాస్తా ఒంటరిగా బయల్దేరాడు."

"ఊఁ," అన్నాడు మంగ్లు.

"నువ్వు వెనకాలే వెళ్లావు."

"ఊఁ."

"వాగు దగ్గిర రాయెత్తి నెత్తిన వేశావు."

"ఊఁ."

ప్రతి ఊఁకీ తాతారావు కలం 'అవును, నిజమే' అని రాసుకుపోతోంది.

విశ్వాసానికి సంగతి అర్థమైంది. కొండ మీద, పెద్దవాళ్లు చెబుతుంటే ఊఁ కొట్టకపోవడమంటే మొహం తిప్పుకుని అవమానించడం కిందే లెక్క.

"అయ్యా, అది ఒప్పుకోలు కాదండి. వింటున్నానని చెప్పడం. తమ తాతగారిని చంపావన్నా ఊఁ అంటాడు."

"ఏదీ, అను చూద్దాం."

"మంగ్లూ, ఈ బాబుగారి తాత రాజమండ్రిలో సచ్చిపోనాడు. నువ్వే సంపీసినావు."

మంగ్లు తాతారావు వైపు జాలిగా చూసి "ఊఁ" అన్నాడు.

తాతారావు పొట్ట కదిలేలా నవ్వాడు. వెనకాల కానిస్టేబులూ నవ్వాడు.

"భేషయ్యా పంతులూ. నాకు తెలీదనుకున్నావా? నా ఉద్యోగమంతా ఈ ఊఁ మీదే నడుస్తోంది. రేపు మేజిస్ట్రేటు దొరగారి ఎదట కూడా ఇదే కథ చెప్తాను, వీడు ఇలాగే ఊఁ అంటాడు. దొరగారికి తెలుగులో అర్థమయ్యేది అదొక్కటే." లాగిన పీచుని చాప అంచుకి తుడిచాడు.

విశ్వాసం మంగ్లు వైపు ఒంగాడు. "ఒరే నాయనా, ఊఁ అనీకు. నువ్వు సేసినావని రాసేత్తన్నారు. ఉరేసేత్తారు. సెయ్యకపోతే సెయ్యనేదని సెప్పు."

మంగ్లు మొహం పాలిపోయింది. "ఊఁ కొట్టకపోతే బాబు ఏటనుకుంటాడోనని..." ఆగి, తాతారావు వైపు తిరిగాడు. "నాను సెయ్యనేదు బాబూ. గుంటడికి జొరమని సంత నుంచి తిన్నగా ఇంటికొచ్చీసినాను."

తాతారావు కోప్పడలేదు. కలం పక్కన పెట్టి కానిస్టేబులుతో మెల్లిగా అన్నాడు: "బయట వీడి పెళ్లాం నించునుంది కదూ, సోములమ్మ. దాన్ని ఈ రాత్రికి మన క్యాంపులో ఉంచు. విచారించాలి."

ఆ ఆఖరి మాటని చప్పరించినట్టు అన్నాడు. కానిస్టేబులు మీసం సవరించుకున్నాడు. తాతారావు మళ్లీ కలం తీసుకున్నాడు.

"సంత నుంచి గుమాస్తా ఒంటరిగా బయల్దేరాడు."

మంగ్లు వాకిలి వైపు చూశాడు.

"ఊఁ," అన్నాడు.

వింటున్నవాడి ఊఁ కాదది. కాగితం మీద మాత్రం ఏ తేడా పడలేదు. రాయెత్తిన దగ్గర ఒకటికి రెండుసార్లు ఊఁ అన్నాడు, సరిగ్గా వినపడలేదేమోనని. తాతారావు సోములమ్మ ఊసు మళ్లీ ఎత్తలేదు.

విశ్వాసం సంతకం పెట్టనన్నాడు. "మంచిది," అని తాతారావు లోపల నిద్రపోతున్న ముఠాదారుని లేపించి, ఆయన బొటనవేలికి సిరా పూసి ముద్ర వేయించుకున్నాడు. ఎందుకని ఆ ముఠాదారు అడగను కూడా లేదు. ఆవులించి లోపలికి పోయాడు.

మంగ్లుని సంకెళ్లతో మెట్లు దింపుతుంటే సోములమ్మ పంతులుకి అడ్డమొచ్చింది.

"ఏటన్నాడు పంతులుగారూ, మావోడు?"

"ఏటీ అననేదమ్మా."

"మరి ఆ బాబు అంతసేపూ ఏటి రాసినాడు?"

విశ్వాసం గోడవారకి పోయి ఉమ్మాడు. నోట్లో చేదు పోలేదు.

"నువ్వు బేగి ఎల్లిపోమ్మా," అన్నాడు, అటే తిరిగి. "ఆడి కన్ను మల్లీ నీ మీద పడకముందే ఎల్లిపో."