ముప్పై రెండు సైకిళ్ల వెనక

ఆ బడిలో సైకిలు కూడా ఒక పాఠమే. లెక్కలకి పీరియడు ఉన్నట్టే దానికీ ఉంది, ఆరో తరగతికి వారానికి నాలుగు. మొదలుపెట్టిన కొత్తల్లో "పిల్లల్ని పంపేది చదువుకోమనా, సర్కసు చెయ్యమనా?" అంటూ తండ్రులు హెడ్మిస్ట్రెస్ గదిలోకొచ్చి చిందులు తొక్కారు. రెండేళ్లు తిరిగేసరికి బైపాస్ రోడ్డు అవతలి ఇళ్ల ఆడపిల్లలు ఐదో తరగతితో చదువు మానెయ్యడం ఆగిపోయింది. మొదటి పీరియడులో కునికిపాట్లు పడే బ్యాచి పొద్దున్నే తొక్కొచ్చి కళ్లు విప్పుకుని కూర్చుంది. చిందులు తొక్కిన ఆ తండ్రులే "మావాడి వంతు ఎప్పుడండీ?" అని గేటు దగ్గర నిలబడ్డారు.

ఇదంతా పెద్దమాస్టారి పుణ్యం. ఆయన రిటైరైనా బడి ఆయన్ని వదల్లేదు, ఆయనా బడిని వదల్లేదు. సైకిలు పీరియడుకి మాత్రం తెల్ల కాన్వాసు బూట్లేసుకుని వచ్చేవాడు. రెండు మెట్లెక్కితే ఆయాసపడి ఆగే మనిషి, సైకిలు సీటు వెనక చెయ్యేస్తే చాలు, కుర్రాడైపోయేవాడు. ఆయనకి రెండే నియమాలు. ఒకటి, తొక్కుతున్నప్పుడు వెనక్కి చూడకూడదు. రెండు, పిల్లలు తమంతట తాము "ఇక వదలండి మాస్టారూ" అనేదాకా ఆయన చెయ్యి తియ్యడు. ఒక్కరోజులో అన్నా సరే, ముప్పై రోజులు పట్టినా సరే. అన్నాక మాత్రం క్షణం ఆగడు. పిల్లలు దభీమని పడేవాళ్లు, మోకాళ్లు గీరుకునేవి, నాలుగోసారికో ఐదోసారికో నిలబడేవాళ్లు.

ఈ ఏడాది ఆరో తరగతిలో ముప్పై రెండుమంది చేరారు. పెద్దమాస్టారు వాళ్ల పేర్ల జాబితా జేబులో పెట్టుకుని, మొదటి పాఠానికి బయల్దేరబోతూ, స్టాఫ్ రూములో బూటు లేసు కట్టుకోడానికి వంగాడు. వంగినవాడు మళ్లీ లేవలేదు.

ఆయన కూతురు అదే బడిలో డ్రిల్లు టీచరు. సైకిళ్ల పని వచ్చి ఆమె తలకి చుట్టుకుంది. తండ్రి పోయినందుకు ఆమె ఏడవలేదు. ఏడవడానికి తీరిక ఏది? వచ్చేపోయేవాళ్లు, సంతకాలు, ఖాళీ చెయ్యాల్సిన ఆయన గది, పైగా "తాతయ్య ఎక్కడికెళ్లాడు?" అని చెవిలో జోరీగలా తన పదకొండేళ్ల కూతురు. బక్కగా, గుప్పెడంత ఉంటుందని ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు. ఆ ముప్పై రెండుమందిలో పిచ్చుకా ఉంది.

డ్రిల్లు టీచరు తండ్రిలా కాదు, చకచకా తేల్చే రకం. నలభై నిమిషాల పీరియడులో ముప్పై రెండుమందీ వదలమనేదాకా కాచుకుని కూర్చుంటే ఏడాది చాలదని, పది అడుగులు పరిగెత్తి, "పట్టుకున్నా, తొక్కు తొక్కు" అంటూనే చప్పుడు చెయ్యకుండా చెయ్యి తీసేసేది. చెప్పి వదిలితే భయపడతారు, చెప్పకపోతే తొక్కేస్తారు. ఆమె లెక్క అది.

ఆ లెక్క అద్భుతంగా కుదిరింది. మొదటి రోజు ఆరుగురు, రెండో రోజు తొమ్మిదిమంది. మూడు వారాల్లో అందరికీ వచ్చేసింది. ఒక్కరు కూడా పడలేదు. ప్యూను కొనుక్కొచ్చిన టించరు సీసాకి మూతైనా విప్పలేదు. హెడ్మిస్ట్రెస్ మురిసిపోయింది. "మీ నాన్నగారినే మించిపోయావమ్మా! సోమవారం సైకిళ్లు ఇళ్లకి పంపించేద్దాం, రోజూ వాటిమీదే వస్తారు" అంది.

డ్రిల్లు టీచరూ పొంగిపోయింది. ఎవరు మాత్రం పొంగిపోరు?

గురువారం మధ్యాహ్నం పిల్లలు గ్రౌండు చివర వరసగా ఆగి, తర్వాతి రౌండుకి ఈల కోసం ఎదురుచూస్తున్నారు. సోడాబుడ్డి అని పిలిచే దళసరి కళ్లద్దాల కుర్రాడు అద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుంటున్నాడు. రెండు చేతులతో. వాడి పక్కపిల్ల జడ రిబ్బను ముడేసుకుంటోంది. అదీ రెండు చేతులతోనే. ఈల నోట్లో పెట్టుకున్న టీచరు ఊదడం మర్చిపోయింది. ఏదో తేడాగా ఉంది, ఏమిటో వెంటనే తట్టలేదు. తట్టేసరికి ఈల జారి కింద పడింది.

ఒక్కరి కాలూ నేలమీద లేదు.

ముప్పై రెండు సైకిళ్లు స్టాండు వెయ్యకుండా, కదలకుండా నిటారుగా నిలబడి ఉన్నాయి. పిల్లలు పెడళ్లమీద కాళ్లు పెట్టుకుని, కుర్చీల్లో కూర్చున్నంత తీరిగ్గా కబుర్లాడుకుంటున్నారు.

ఆమె నెమ్మదిగా సోడాబుడ్డి దగ్గరికెళ్లింది. "ఒరే, కాలు కింద పెట్టకుండా ఎలా ఆగావురా?"

వాడు తెల్లబోయాడు. "మీరు పట్టుకున్నారుగా టీచర్?"

"నేను నీ ముందున్నానురా."

వాడు అద్దాలు పెట్టుకుని ఆమెని చూశాడు. గబుక్కున హ్యాండిలు రెండు చేతులా పట్టుకున్నాడు. వెనక్కి మాత్రం తిరగలేదు. తిరగకూడదని వాడికి మొదటి రోజే చెప్పింది ఆమే.

ఆ సాయంత్రం ఆమె ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగింది. అందరిదీ ఒకే మాట. సీటు వెనక చెయ్యి ఎప్పుడూ తియ్యలేదు. కాళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, టీచరుదే అనుకున్నారు. రిబ్బను పిల్ల మాత్రం గొణిగింది. "మొదట్లో బాగానే పరిగెత్తేవారు టీచర్. ఈమధ్య బాగా ఎగరొప్పుతున్నారు. పాపం, మీకు ఒంట్లో బాలేదేమో అనుకున్నాం."

రాత్రి వాన పడింది. శుక్రవారం గ్రౌండంతా మెత్తగా నానిపోయింది. వద్దంటే హెడ్మిస్ట్రెస్ ఊరుకునేలా లేదని పిల్లల్ని తలో రౌండు తొక్కించి, అందరూ వెళ్లాక ఆమె ఒక్కతే నేల చూసుకుంటూ నడిచింది. బురదలో ముప్పై రెండు సైకిళ్ల జాడలు. ప్రతి జాడకీ ఎడమపక్క బూటు అచ్చులు, అన్నీ ఒకే జతవి. కుడికాలి మడమ లోపలికి అరిగింది, వేళ్లు కాస్త బయటికి తిరిగాయి. ఆ నడక ఆమెకి తెలియక ఎవరికి తెలుస్తుంది? చిన్నప్పుడు ఆ మనిషి వేలు పట్టుకుని, ఆ అడుగుల్లో అడుగులేస్తూ ఇదే బడికొచ్చింది.

భయం కంటే ముందు ఆమెకి అసలు సంగతి అర్థమైంది. ఈ పిల్లల్లో ఒక్కరికీ సైకిలు రాదు. మూడు వారాలుగా ఆయన మోస్తున్నాడు, వీళ్లు కూర్చుంటున్నారు. "వదలండి" అని ఎవరూ అనలేదు, అనాలని వీళ్లకి ఆమె చెప్పలేదు. సోమవారం సాయంత్రం వీళ్లు ముప్పై రెండు దార్లు పడతారు. లారీలు దూసుకుపోయే బైపాస్ దాటతారు. పరిగెత్తే మనిషి ఒక్కడు, ఆయనకి ఇప్పటికే ఆయాసం ఆగడం లేదు. ఏ లారీ ముందో ఆయన చెయ్యి జారిపోతే?

హెడ్మిస్ట్రెస్‌కి ఏమని చెప్పగలదు? చెబితే తనని నాలుగు రోజులు సెలవు పెట్టుకోమంటుంది, సైకిళ్లు మాత్రం సోమవారమే పంపిస్తుంది.

శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆమె పిల్లల్ని గ్రౌండులో నిలబెట్టింది. "ఇవాళ ఒక్కొక్కరే వెళ్తారు. సగం రౌండు తిరిగాక, వెనక్కి చూడకుండా, గట్టిగా 'ఇక వదలండి మాస్టారూ' అనాలి. పడతారు. పడితే పడండి, లేచి మళ్లీ ఎక్కండి."

"ఏ మాస్టారు టీచర్?" అని ఎవరూ అడగలేదు. పిల్లలు అప్పటికే చెవులు కొరుక్కున్నారు.

సోడాబుడ్డి ముందు వెళ్లాడు. సగం రౌండులో వాడి గొంతు వినిపించింది. "ఇక వదలండి మాస్టారూ!" సైకిలు ఒక్కసారి ఊగింది, అటూ ఇటూ పాములా మెలికలు తిరిగింది, కుర్రాడు దబ్బున పడ్డాడు. లేచి, మోకాలి నెత్తురు చూసుకుని, ఏదో బహుమతి వచ్చినంత ఆనందంగా "పడ్డాను టీచర్!" అని అరిచాడు. తర్వాత రిబ్బను పిల్ల. ఆ తర్వాత ఇంకొకరు. పదిన్నర అయ్యేసరికి గ్రౌండు యుద్ధభూమిలా ఉంది. టించరు సీసా ఖాళీ అయింది. పిల్లలు కుంటుతూ, మూలుగుతూ, మళ్లీ ఎక్కుతూ, పడుతూ, పది గజాలు, ఇరవై గజాలు నిజంగా తొక్కుతున్నారు. హెడ్మిస్ట్రెస్ వరండాలోకొచ్చి నోరు తెరుచుకుని చూసి, సోమవారం సైకిళ్లు పంపే మాట మానుకుంది.

ముప్పై ఒక్కమంది అయ్యారు. మిగిలింది పిచ్చుక.

పిచ్చుక రౌండు తిరిగింది, ఏమీ అనలేదు. రెండో రౌండూ తిరిగింది. వచ్చి తల్లి ముందు ఆగింది. పెడళ్లమీదే కాళ్లు, కదలని సైకిలు.

"చెప్పవేం అమ్మలూ?"

"చెప్పను."

"ఎందుకే?"

"నాకు మొదటి రోజే తెలుసమ్మా, తాతయ్యేనని. నువ్వడిగినప్పుడు కావాలనే చెప్పలేదు. దగ్గాడు. నేను వెనక్కి చూడలేదు, చూస్తే వెళ్లిపోతాడని."

డ్రిల్లు టీచరుకి ఉన్నట్టుండి కడుపు మండింది. మూడు వారాలుగా ఈ వేలెడంత పిల్లకి దొరికినవాడు కన్నకూతురికి దొరకలేదు. ఆమె అన్నం దగ్గర ఆయన పీట చూసి కళ్లు తిప్పుకుంటుంటే, ఇది రోజూ ఆయనతో షికారు తిరిగింది. వదలొద్దు నాన్నా, ఇంకో వారం ఉండు, అని తనే అనేలా ఉంది. అప్పుడు వినబడింది ఆ ఆయాసం. ఎండలో, పిల్లల గోల మధ్య, పిచ్చుక వీపు వెనక ఎవరూ లేని చోటినుంచి, ఊపిరి అందక ఈల వేస్తున్న ముసలి గుండె.

"వినిపిస్తోందా?" అంది తల్లి.

"ఊఁ. బాగా అలిసిపోయాడు."

"రెండు మెట్లెక్కితే ఆగేవాడు. ఎన్నాళ్లు పరిగెత్తిస్తావే తల్లీ?"

పిచ్చుక కళ్లు నిండాయి. "వదిలెయ్యమంటే మళ్లీ వస్తాడా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "రాడు."

పిల్ల ముక్కు తుడుచుకుంది. సైకిలు కదిలింది. గ్రౌండు అవతలి మూలనుంచి సన్నగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు వచ్చింది మాట. "తాతయ్యా, ఇక వదిలెయ్."

సైకిలు ఊగలేదు.

నిటారుగా, అదే వేగంతో వెళ్తోంది. పిచ్చుక తొక్కడం ఆపేసింది. సైకిలు ఆగలేదు. బ్రేకు నొక్కింది, ఆగలేదు. కాళ్లు రెండూ గాల్లోకి ఎత్తేసింది, పెడళ్లు వాటంతటవే తిరుగుతున్నాయి. "అమ్మా! చెప్పాను! వదలట్లేదు!" ఆ గొంతులో మొదటిసారి భయం వినిపించింది. సైకిలు తిన్నగా గేటు వైపు పోతోంది. శనివారం ఒంటిపూటేనని ప్యూను గేటు బార్లా తెరిచి పెట్టాడు. అవతల రోడ్డుమీద లారీ హారను మోగింది.

డ్రిల్లు టీచరు పరిగెత్తింది. జీవితంలో ఎప్పుడూ అలా పరిగెత్తలేదు. గేటు ఇంకా ఇరవై గజాలుందనగా అందుకుని, సీటు వెనక చెయ్యి వేసింది.

అక్కడ ఇంకో చెయ్యి ఉంది. దయ్యాల కథల్లో చెప్పినట్టు చల్లగా లేదు. వెచ్చగా, చెమటతో తడిగా, బొటనవేలి దగ్గర కాయ కాచి ఉంది. ఆ కాయ ఆమెకి బాగా తెలుసు. పక్కనే బూట్ల చప్పుడు, చెవి దగ్గరే ఆ ఈల ఊపిరి. ఆమె తల తిప్పలేదు.

"నాన్నా," అంది, రొప్పుతూ. "నేనున్నాగా. నేను పట్టుకున్నాను. చాలు, ఇక వదులు."

నాలుగు అడుగుల దాకా ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒక్కొక్క వేలే సడలింది. చివరిగా బొటనవేలు ఆమె చేతిని ఒక్కసారి గట్టిగా నొక్కింది. బూట్ల చప్పుడు ఒక అడుగు వెనకబడింది, ఇంకో అడుగు వెనకబడింది, ఆగిపోయింది. సైకిలు బరువంతా ఆమె చేతిమీద పడి, బండి అల్లల్లాడింది.

"అమ్మా, నువ్వూ వదులు!" అని అరిచింది పిచ్చుక.

వదిలింది. పిల్ల హ్యాండిలు మెలితిప్పి, గేటుకి మూరెడు దూరంలో గోడవైపు తిరిగి, నాలుగు గజాలు తనంతట తాను తొక్కి, మట్టిలో బొక్కబోర్లా పడింది.

లోకం లెక్కలో పెద్దమాస్టారు పోయి అప్పటికి నెల దాటింది. కూతురికి మాత్రం ఆయన ఆ శనివారం, పదకొండింటికి, గేటు దగ్గర పోయాడు. ఆమె అక్కడే మట్టిలో కూలబడి, ముప్పై రెండుమంది పిల్లలూ చూస్తుండగా, గొంతెత్తి ఏడ్చింది.