మొదటి స్విచ్చు

ఆ పొడుగు కారుకి అత్తగారు పెట్టిన పేరు రైలుపెట్టె. వెనక సీట్లు దాటాక ఇంకో చిన్న గదంత చోటు, దానికి పైకి లేచే పెద్ద తలుపు. మామగారు ఊళ్ళో ఇళ్ళకి కరెంటు పని చేసిన రోజుల్లో మడత నిచ్చెనా వైరు చుట్టలూ అందులో దర్జాగా పడుకుని తిరిగేవి. ఇప్పుడు అత్తగారి చక్రాల కుర్చీ తిరుగుతోంది. షుగరు ఆవిడ ఎడమ కాలిని మోకాలి దాకా తీసుకుపోయింది, తర్వాత మూత్రపిండాల మీద పడింది. వారానికి మూడుసార్లు డయాలిసిస్. కోడలు బండి నడుపుతుంది. అత్తగారు ముందు సీట్లో కూర్చుని రోడ్డు మీది డ్రైవర్లందర్నీ పేరుపేరునా తిడుతుంది. మామగారు వెనక సీట్లో, మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు.

మంగళవారం ఆసుపత్రి గుమ్మంలో ఆ వెనక తలుపు తెరుచుకోలేదు.

నంబరు పలక పైన మీట నొక్కితే లోపల టక్కుమని తాళం వదలాలి. కోడలు నొక్కింది. మామగారు నొక్కారు. చప్పుడే లేదు. సీటు వీపు మీంచి లాగుదామంటే కుర్చీ పైకప్పుకి అడ్డం పడింది. వాన పడుతోంది. వెనక ఆగిన బళ్ళు హారన్లు మోగిస్తున్నాయి. ఆసుపత్రి కుర్చీలన్నీ లోపల ఎవరెవరి కిందో ఉన్నాయి. చివరికి కాపలావాడూ వార్డు మనిషీ వచ్చి అత్తగారిని ఎత్తారు, ఒకడు చంకల కింద, ఒకడు ఉన్న కాలు పట్టుకుని. గుమ్మం దాకా పది అడుగులుంటుందేమో. ఆ కాస్త దూరంలోనే ఒంటి మీది బట్ట పక్కకి జారింది. సొంత అక్కచెల్లెళ్ళకి కూడా చూపించని ఆ కోసేసిన కాలు, వరసలో నిలబడ్డ జనమంతా చూశారు. అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుంది. రోడ్డు మీద అన్ని మాటలనే మనిషి, తిరిగి ఇల్లు చేరేదాకా ఒక్క మాట అనలేదు.

ఇంటి దగ్గర కొడుకు ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాక అంది. "ఇంక నేను రాను."

"తలుపు రేపే బాగు చేయిస్తాను అత్తయ్యా."

"చేయించుకోండి. మీ తలుపు, మీ ఇష్టం. నేను మాత్రం రాను."

రాత్రి షిఫ్టుకి వెళ్ళబోతూ కొడుకు అంబులెన్సు పిలుద్దామన్నాడు. "అందులోనూ మోస్తారుగా నాయనా," అని గోడవైపు తిరిగింది. రెండుసార్లు మానేస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని డాక్టరు మొదటి రోజే చెప్పాడు. ఆ సంగతి అందరికంటే బాగా ఆవిడకే తెలుసు. మళ్ళీ వెళ్ళాల్సింది గురువారం.

మామగారు ఆ గదిలోనే, కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. నంబరు పలక దగ్గర దీపం వెలగట్లేదని మొన్న చలికాలంలో ఆ తలుపు విప్పింది ఆయనే. "ఇంట్లో నేనుండగా కారుకి వేరే వైద్యుడెందుకు?" అన్నారప్పుడు. ఒక పూట కూర్చుని చేశారు. దీపం వెలిగింది కూడా.

బుధవారం పొద్దున్నే కోడలు బండిని చెవి మేస్త్రి షెడ్డుకి తీసుకెళ్ళింది. కార్ల కరెంటు పని చేసే అతనికి ఆ పేరు రావడానికి కారణం, ఏ బండి వచ్చినా ముందు రేకుకి చెవి ఆనించి వినడం. వెనక తలుపుకి చెవి పెట్టి, "నొక్కండమ్మా," అన్నాడు. ఆమె మీట నొక్కింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"తాళానికి కరెంటే అందట్లేదు. లోపల్నించి తియ్యాలి. సీటు మీంచి దూరి వెళ్ళాలి. నా పొట్ట చూశారుగా, అది వస్తే నేను రాను, నేను వస్తే అది రాదు. కుర్రాడు సెలవు పెట్టాడు."

"నేను దూరతాను."

"మీరా?"

"టార్చి ఇవ్వండి."

ఆమె వెనక సీటు వీపు మీంచి అవతలికి దిగింది. మడిచిన చక్రాల కుర్చీ పక్కటెముకలకి గుచ్చుకుంటోంది. అద్దం అవతల మేస్త్రి వంగి చేత్తో చూపిస్తున్నాడు: తలుపు లోపలి అట్ట మధ్యలో చిన్న మూత, దాని వెనక కన్నం. మూత ఊడదీసి స్క్రూడ్రైవరు పెట్టింది. "ఎడమకి! మీ ఎడమ కాదు, నా ఎడమ!" కొనకి ఏదో తగిలింది. తోసింది. టక్కుమంది. తలుపు దానంతట అదే పైకి లేచింది. వెలుతురు మీద పడ్డాక చూసుకుంటే చేతులు నల్లగా ఉన్నాయి.

తలుపు బందు పక్కన, కారు పైకప్పు నుంచి తలుపులోకి పోయే వైర్లకి ముడతల రబ్బరు తొడుగు ఉంటుంది. మేస్త్రి దాన్ని వెనక్కి లాగాడు. సన్నటి రంగు రంగుల వైర్ల మధ్య మందపాటి ఎర్ర వైరు ముక్కలు మూడు కనిపించాయి. వంగే చోటే మూడూ తెగి ఉన్నాయి.

"ఏ ఇంటి గోడ పగలగొట్టి తెచ్చారమ్మా ఇది?" మేస్త్రి నవ్వాడు. "లోపల ఒకటే లావు తీగ. గోడలో పెడితే మీ మనవలు కూడా వాడుకుంటారు. కానీ ఇది తలుపు కదా, తీసిన ప్రతిసారీ వంగుతుంది. దారాల్లాంటి తీగలు పేనిన వైరైతే తట్టుకుంటుంది. ఇది ఎన్నాళ్ళని వంగుతుంది, విరుగుతుంది. ఎవడు చేశాడో గాని..."

కోడలికి ఆ ఎరుపు తెలుసు. ఆమె వంటింట్లో, పొయ్యి పైన దీపానికి పోయే వైరు అదే.

"మా మామగారు," అంది.

మేస్త్రి నాలిక కరుచుకున్నాడు. "పెద్దాయనా? మా ఇంటికి కరెంటు దీపం పెట్టింది ఆయనేనమ్మా. పని అయ్యాక మొదటి స్విచ్చు ఇంటి ఆడమనిషే వెయ్యాలని పట్టు పట్టేవారు. మా అమ్మ భయపడుతుంటే పక్కన నిలబడి పదిసార్లు వేయించారు. నేను వేస్తానని మధ్యలో దూరితే చెవి మెలేశారు." చెవి తడుముకున్నాడు. "అప్పుడు సాగిందే ఇది."

తర్వాత జోకులేమీ వెయ్యలేదు. ఎర్ర ముక్కలు కత్తిరించి తీసేశాడు. మెత్తటి వైరు, కాస్త వదులుగా ఉండేంత పొడుగు తీసుకుని, అతుకులు వంగే చోట కాకుండా ఆ పక్కకీ ఈ పక్కకీ వచ్చేలా టంకం పెట్టాడు. ఒక్కో అతుకు మీద సన్నటి ప్లాస్టిక్ గొట్టం తొడిగి వేడి చేస్తే అది బిగుసుకుంది. ఆమె దగ్గరుండి చూసింది. అయిపోయాక రెండు అతుకులు తనే లాగి చూసింది. మేస్త్రి ఏమీ అనుకోలేదు.

"ఎలుక కొరికిందని చెప్పండమ్మా," అన్నాడు వెళ్ళేటప్పుడు. "పెద్దాయన మనసు కష్టపెట్టుకోకుండా."

ఆమె అలాగేనంది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. మామగారు గుమ్మంలోనే అడిగారు. "ఏమన్నాడు?"

"ఎలుకట మామయ్యా. వైరు కొరికేసిందట."

ఆయన తలూపారు. మొహంలో ఏదో కాస్త సడలింది. అది చూసి ఆమెకి మంచిపని చేశాననిపించింది. కుర్చీ దింపి అత్తగారి గదిలో పెట్టి, వంటింట్లోకి వెళ్ళింది.

తీసేసిన సామానంతా బండి యజమానికి ఇచ్చి పంపడం మేస్త్రి అలవాటు. ఆ ప్లాస్టిక్ సంచీ ముందు సీట్లోనే ఉండిపోయింది. దారపు ముక్క కూడా పారేయని ఆమె దాన్నీ పారేయలేదు, దాచనూ లేదు.

కాసేపటికి మామగారు వచ్చి ఎర్ర ముక్కలు మూడూ వంటగట్టు మీద పెట్టారు. ఆమె పొయ్యి మీది పాలకి మంట తగ్గించింది.

"ఎలుక కొరికితే ముందు పైతోలు పోతుంది," అన్నారు. బొటనవేలితో తెగిన కొన తడుముతున్నారు. "దీనికి పళ్ళ గాటే లేదు. లోపల రాగి వంగి వంగి విరిగింది."

"మామయ్యా..."

"కదలని చోట్లలోనే పని చేశానమ్మా ఎప్పుడూ. ఇది కదులుతుందని చేతికి తోచలేదు."

"మీరు బాధపడతారని అలా అన్నాను."

"తెలుసు." ఆయన తల ఎత్తలేదు. "కానీ ఎలుక అంటే మళ్ళీ ఎప్పుడైనా రావచ్చు. ఆవిడ ఏ ధైర్యంతో ఎక్కుతుంది చెప్పు? నా తప్పంటే, దిద్దేశాం, అయిపోయింది. ఎలుకని ఎవరు దిద్దుతారు?"

ఆమె ఆయన వెంటే కారు దగ్గరికి నడిచింది. ఆయన రబ్బరు తొడుగు తనే వెనక్కి లాగి, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. ఒక్కో అతుకునీ రెండు వేళ్ళతో తడిమారు. "బాగా చేశాడు," అన్నారు తొడుగు సర్దుతూ. ఇంకొకరి పని చూసి ఆయన ఆ మాట అనగా ఆమె ఎప్పుడూ వినలేదు.

తర్వాత అత్తగారి గదిలోకి వెళ్ళారు. కోడలు గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"ఎలుక కాదే. నేనే. గోడ వైరు వేశాను, విరిగింది. నిన్న నీకలా జరిగింది నా వల్లే."

గోడవైపు తిరిగిన మనిషి అలాగే ఉంది. "ఎలుకట అని విన్నప్పుడే అనుకున్నా," అంది. "మీ వైరు కొరకాలంటే దానికి పళ్ళు ఊడవూ?"

మామగారు మంచం దగ్గరికి జరిగారు.

"ఒకసారి బయటికి రా."

"రానన్నానుగా."

"కారెక్కమనట్లేదు. ఆ దీపం బాగు చేసిన రోజు తలుపు విప్పి, బిగించి, నేనే నొక్కి చూసుకుని లోపలికొచ్చేశాను. నీ చేత నొక్కించలేదు. ఊరందరి ఇళ్ళలో ఆడవాళ్ళ చేత వేయించాను, నీ దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను. వచ్చి నొక్కు. పని చెయ్యకపోతే రేపు మానెయ్, నేను నోరెత్తను."

అత్తగారు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత కోడలివైపు చెయ్యి చాచింది. "కుర్చీ ఇలా తే. ఆ కాలి మీద దుప్పటి కప్పు. గట్టిగా దోపు."

వాన వెలిసింది. మసక చీకటి పడుతుంటే కారు లైట్లు వేశారు. కారు వెనక, తలుపు లేస్తే తగలకుండా, మామగారు కుర్చీని ఏటవాలుగా నిలిపారు. తను రెండడుగులు పక్కకి జరిగి చేతులు వెనక కట్టుకున్నారు, కొత్త ఇంట్లో నిలబడ్డట్టు. అత్తగారు చెయ్యి చాపి మీట నొక్కింది. టక్కుమంది. తలుపు లేచింది.

"వెయ్యి," అంది. కోడలు మూసింది. అత్తగారు మళ్ళీ నొక్కింది. లేచింది. మళ్ళీ. తలుపు పైకి పోయినప్పుడల్లా ఆవిడ కళ్ళు బందు దగ్గరి రబ్బరు తొడుగు మీదే ఉన్నాయి, అది వంగడం, సాగడం. ఎన్నిసార్లు నొక్కిందో ఎవరూ లెక్కపెట్టలేదు. కోడలి భుజాలు నొప్పెట్టాయి. పొయ్యి మీద పాలు గుర్తొచ్చినా కదల్లేదు. నంబరు పలక దీపం వెలుగు ఆవిడ వేళ్ళ మీద పడుతోంది. మామగారు ఒక్కసారి కూడా చాలని అనలేదు.

చివరికి ఆవిడ చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

"రేపు పెందలాడే బయల్దేరదాం అమ్మాయ్," అంది. "ఆ గుమ్మం ముందు బళ్ళు చేరకముందే దిగిపోవాలి నేను." మామగారివైపు చూడకుండానే అంది: "ఆ తలుపుకి నాకందేలా ఓ తాడు కట్టండి. కుర్చీ దింపాక నేను చెప్పిందాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. కుర్చీలో కూర్చున్నాక, మూసేది నేనే."